ఐస్‌సేవ్ మునిగింది, డబ్బు తిరిగొచ్చింది: ఎలా వచ్చింది?

(బ్యాంకు ఖాతాదారుల అవగాహన సభలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు సర్దుకుంటాను.

ఆన్‌లైన్ బ్యాంకు మూతపడితే మన డబ్బు గతేమిటి? ఇవాళ నన్ను మాట్లాడమన్నది దాని గురించి. దీని మీద భయపెట్టే వీడియోలు బోలెడున్నాయి. మీరూ చూసే ఉంటారు. నేను భయపెట్టడానికి రాలేదు. జరిగిన కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. అందులో లక్షల మంది డబ్బు ఇరుక్కుపోయింది, మళ్లీ వాళ్ల చేతికొచ్చింది. ఎందుకొచ్చింది? అదృష్టం వల్లనా? ప్రభుత్వానికి జాలేసిందా? అది తెలిస్తే మన డబ్బు గురించి ఏం అడగాలో మనకే తెలుస్తుంది.

కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. 2006 అక్టోబరులో అక్కడ ఐస్‌సేవ్ అని ఒక పొదుపు ఖాతా వచ్చింది. బ్రాంచీల్లేవు, పాస్‌బుక్కు లేదు, కౌంటరు లేదు. ఉన్నదల్లా వెబ్‌సైటు. వడ్డీ మాత్రం ఆరు శాతం పైన ఇచ్చిన రోజులున్నాయి. అక్కడి పెద్ద బ్యాంకులు అంత ఇవ్వడం లేదు. రిటైరైన వాళ్లు, ఇల్లు అమ్మి ఆ సొమ్ము తాత్కాలికంగా ఎక్కడైనా పెట్టుకుందామనుకున్న వాళ్లు, పిల్లల చదువుకి దాచుకుంటున్న వాళ్లు అందరూ అటు వెళ్లారు. వాళ్లేమీ అత్యాశపరులు కారండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బ్యాంకు మునిగిన మర్నాడు అందరూ డిపాజిటరునే తప్పు పడతారు. లైసెన్సున్న బ్యాంకు, పత్రికల్లో మంచి వడ్డీల పట్టికలో పైనున్న బ్యాంకు. మామూలు మనిషి ఇంతకన్నా ఏం చూస్తాడు?

ఆ ఐస్‌సేవ్ వెనకున్నది ఐస్‌లాండ్ దేశానికి చెందిన ల్యాండ్స్‌బాంకీ అనే బ్యాంకు. 2006లో ఐస్‌లాండ్ బ్యాంకుల మీద బయటి మార్కెట్లకు అనుమానం మొదలైంది. పెద్ద పెద్ద సంస్థల దగ్గర అప్పు పుట్టడం కష్టమైంది. అప్పుడేం చేశారు? పెద్దవాళ్లు ఇవ్వకపోతే చిన్నవాళ్ల దగ్గర తీసుకుందామనుకున్నారు. అలా పుట్టింది ఈ ఆన్‌లైన్ ఖాతా. బ్రిటన్‌లో 3 లక్షల మందికి పైగా చేరారు. సుమారు 450 కోట్ల పౌండ్లు పోగయ్యాయి. 2008 మే నెలలో నెదర్లాండ్స్‌లోనూ తెరిచారు. ఐదు నెలలు తిరక్కుండానే అక్కడ లక్షా పాతిక వేల మంది, 160 కోట్ల యూరోలకు పైగా. మరి ఐస్‌లాండ్ జనాభా ఎంతో తెలుసా? అప్పటికి 3 లక్షల 20 వేలు. ఒక్క బ్యాంకుకి పరాయి దేశాల్లో ఉన్న డిపాజిటర్ల సంఖ్య దాని సొంత దేశ జనాభాని మించిపోయింది. ఆ దేశంలోని మూడు పెద్ద బ్యాంకుల ఆస్తులు కలిపితే దేశం ఏడాది ఆదాయానికి దాదాపు పది రెట్లు. అవి పడితే ఆ దేశం ఎత్తగలదా?

2008 సెప్టెంబరులో అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది. మూడు వారాల్లో ఆ దెబ్బ ఐస్‌లాండ్‌కి తగిలింది. అక్టోబరు 6న అక్కడి పార్లమెంటు రాత్రికి రాత్రి అత్యవసర చట్టం చేసింది. 7న, మంగళవారం, ల్యాండ్స్‌బాంకీని ప్రభుత్వ నియంత్రణ సంస్థ స్వాధీనం చేసుకుంది. ఆ వారం దాటకుండా మూడు బ్యాంకులూ పడిపోయాయి.

ఆ మంగళవారం పొద్దున బ్రిటన్‌లో ఐస్‌సేవ్ వెబ్‌సైటు తెరిచిన వాళ్లకి కనిపించింది ఒక చిన్న ప్రకటన. ప్రస్తుతం డిపాజిట్లు గానీ, విత్‌డ్రాయల్స్ గానీ చేయడం లేదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. అంతే. మామూలు బ్యాంకయితే బ్రాంచి ముందుకెళ్లి నిలబడతాం. మేనేజరుని నిలదీస్తాం. నలుగురితో మాట్లాడుకుంటాం. వెబ్‌సైటు ముందు ఎవరితో పోట్లాడతారు? ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా కూర్చుని పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేసుకోవడమే. ఆ టెన్షన్ ఎలాంటిదో, ఒకసారి డబ్బు ఇరుక్కున్న వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాస్త నిదానంగా వినండి, అసలు సంగతి ఇక్కడుంది. ఆ డబ్బుకి పూచీ ఎవరిది? డబ్బు వేసింది బ్రిటన్‌లో, పౌండ్లలో, ఇంగ్లిష్ వెబ్‌సైటులో. అయినా చట్టం ప్రకారం ఐస్‌సేవ్ బ్రిటన్ కంపెనీ కాదు. ఐస్‌లాండ్ బ్యాంకు తాలూకు బ్రాంచి మాత్రమే. యూరప్ నిబంధనల ప్రకారం బ్రాంచి అయితే సొంత దేశపు డిపాజిట్ బీమా వర్తిస్తుంది. అంటే మనిషికి మొదటి 20,887 యూరోలు ఐస్‌లాండ్ నిధి ఇవ్వాలి. దాని పైన బ్రిటన్ బీమా పథకం, ఎఫ్‌ఎస్‌సీఎస్ అంటారు, తన పరిమితి దాకా ఇస్తుంది. ఆ పరిమితి అప్పటిదాకా 35,000 పౌండ్లు. సరిగ్గా ఆ అక్టోబరు 7 నుంచే 50,000 అయింది. కానీ ఐస్‌లాండ్ నిధిలో ఉన్న సొమ్ము ఈ నష్టానికి ఏ మూలకీ చాలదు.

అదే వారంలో పడిపోయిన ఇంకో ఐస్‌లాండ్ బ్యాంకు కౌప్తింగ్. దానికీ ఎడ్జ్ అని ఆన్‌లైన్ ఖాతా ఉంది. కానీ బ్రిటన్‌లో అది బ్రాంచి కాదు, విడిగా రిజిస్టరైన బ్రిటిష్ కంపెనీ. ఏం జరిగింది? దాని ఖాతాలన్నీ రోజుల్లోనే ఐఎన్‌జీ డైరెక్ట్ అనే మరో బ్యాంకుకి బదిలీ అయ్యాయి. లక్షా అరవై వేల మంది, పెద్దగా కంగారు లేకుండా. అదే కౌప్తింగ్ ఎడ్జ్ జర్మనీలో బ్రాంచిగా ఉంది. అక్కడ సుమారు 30 వేల మంది 2009 వేసవి దాకా పైసా చూడలేదు. ఒకటే పేరు, ఒకే రకం వెబ్‌సైటు. ఒక దేశంలో రోజుల పని, ఇంకో దేశంలో నెలల తరబడి నిరీక్షణ. తేడా ఎక్కడుంది? ఏ చట్టం కింద, ఏ కంపెనీ పుస్తకంలో మీ పేరుంది అన్న దగ్గరే ఉంది.

సరే, ఐస్‌సేవ్ దగ్గరికి వద్దాం. అక్టోబరు 8న బ్రిటన్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ ఒక నిర్ణయం ప్రకటించారు. ఐస్‌సేవ్‌లో దాచుకున్న మామూలు ఖాతాదారులకి పరిమితితో పని లేకుండా మొత్తం సొమ్ము వస్తుంది అని. అదే రోజు బ్రిటన్‌లోని ల్యాండ్స్‌బాంకీ ఆస్తులని కదలకుండా కట్టేశారు. ఏ చట్టం కింద కట్టేశారో తెలుసా? 2001 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద. ఐస్‌లాండ్ ప్రజలకి అది ఎంత బాధ కలిగించిందో మాటల్లో చెప్పలేం. చేపలు పట్టుకునే చిన్న దేశం, సైన్యం కూడా లేని దేశం, దాన్ని ఉగ్రవాదుల జాబితా పక్కన పెట్టారని వాళ్లు కుమిలిపోయారు. వాళ్ల బాధ న్యాయమైనదేనని నా అభిప్రాయం. డిపాజిటర్ల పక్షాన మాట్లాడుతున్నాను గనక అవతలి వాళ్లది బాధ కాదనలేను గదా.

ఇప్పుడు డబ్బు చేతికొచ్చిన పద్ధతి చెబుతాను. ప్రకటన చేయడం తేలికే. 3 లక్షల మందికి, ఎవరికెంతో సరిగ్గా చూసి, ఇవ్వడం ఎలా? కాగితం ఫారాలైతే ఏళ్లు పడుతుంది. అక్కడ వాళ్లు చేసిన తెలివైన పనేమిటంటే, మూతపడిన ఆ ఆన్‌లైన్ వ్యవస్థనే వాడుకున్నారు. ఖాతా వివరాలు, బ్యాలెన్సులు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైగా ఐస్‌సేవ్ ఖాతా పెట్టినప్పుడే ప్రతి ఒక్కరూ తమ మామూలు బ్యాంకు ఖాతాని దానికి జతచేశారు. డబ్బు తీస్తే అందులోకే వెళ్లాలి, ఇంకెక్కడికీ వెళ్లదు. ఖాతా పెట్టే రోజున చాలామందికి అది విసుగనిపించి ఉంటుంది. ఆ జతే వాళ్లని కాపాడింది. నవంబరులో విడతలవారీగా ఈమెయిళ్లు వెళ్లాయి. మనిషి లాగిన్ అవుతాడు. తనకి రావలసిన మొత్తం చూసుకుంటాడు. షరతులకి ఒప్పుకుంటాడు. కొద్ది రోజుల్లో జతచేసిన ఖాతాలో సొమ్ము పడుతుంది. ఆ ఏడాది ముగిసేలోపే అత్యధిక భాగం ఖాతాదారులకి డబ్బు అందింది. మూడు నెలలు కూడా పట్టలేదండి.

ఆ షరతుల్లో ఒక ముఖ్యమైన ముక్క ఉంది. మునిగిన బ్యాంకు మీద నాకున్న హక్కుని ఎఫ్‌ఎస్‌సీఎస్‌కి రాసిస్తున్నాను అని డిపాజిటరు ఒప్పుకుంటాడు. అంటే ఏమిటి? ఇకమీదట ల్యాండ్స్‌బాంకీ దగ్గర వసూలు చేసుకోవలసిన తలనొప్పి బ్రిటన్‌ది. ఆ తలనొప్పి చాలా ఏళ్లు సాగింది. ఈ డబ్బు తిరిగి కడతామని గ్యారంటీ ఇవ్వండని బ్రిటన్, నెదర్లాండ్స్ ఐస్‌లాండ్ ప్రభుత్వాన్ని అడిగాయి. అందుకోసం పార్లమెంటు చేసిన బిల్లు మీద 2010 జనవరిలో ఐస్‌లాండ్ అధ్యక్షుడు గ్రిమ్సన్ సంతకం చేయనన్నారు. మార్చిలో ప్రజల ఓటు పెట్టారు. 90 శాతానికి పైగా వద్దన్నారు. 2011 ఏప్రిల్‌లో మెరుగైన షరతులతో మళ్లీ ఓటు. మళ్లీ వద్దనే. వ్యవహారం కోర్టుకెళ్లింది. 2013 జనవరి 28న ఈఎఫ్‌టీఏ కోర్టు, అంటే యూరప్‌లో ఐస్‌లాండ్ లాంటి కొన్ని దేశాల వివాదాలు చూసే కోర్టు, ఐస్‌లాండ్ ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు చెప్పింది.

మరి బ్రిటన్ డబ్బు మునిగిందా? లేదు. చెప్పాను గదా, అక్టోబరు 6న రాత్రికి రాత్రి చట్టం చేశారని. అందులో ఒక నిబంధన పెట్టారు. బ్యాంకు ఆస్తులు అమ్మితే వచ్చే సొమ్ములో మొదటి హక్కు డిపాజిటర్లది. బాండ్లు కొన్న పెద్ద సంస్థలు ఆ తరవాతే. వాళ్లు ఊరుకుంటారా? కోర్టుకెళ్లారు. 2011 అక్టోబరులో ఐస్‌లాండ్ సుప్రీంకోర్టు డిపాజిటర్లకే ముందు అని తేల్చింది. బ్యాంకు మునిగినా దానికి రావలసిన అప్పులు, కంపెనీల్లో వాటాలు ఉన్నాయి. వాటిని చవగ్గా తెగనమ్మకుండా ఓపిగ్గా అమ్ముకుంటూ వచ్చారు. 2016 జనవరి నాటికి ఈ మొదటి వరస బాకీ మొత్తం తీరిపోయింది. పూర్తిగా తీరింది. ఖాతాదారుడికి నెలల్లో వచ్చిన డబ్బు ప్రభుత్వానికి రావడానికి ఏడేళ్లు దాటింది. ఆ ఏడేళ్ల భారం సామాన్యుడి నెత్తిన పడకపోవడమే ఈ కథలో నాకు నచ్చిన సంగతి.

అందరికీ ఇలా జరిగిందనుకోకండి. బ్రిటన్ పక్కనే గెర్న్‌సీ అని చిన్న దీవి. అక్కడ ల్యాండ్స్‌బాంకీకి వేరే కంపెనీ ఉంది. ఆ దీవిలో అప్పటికి డిపాజిట్ బీమా పథకమే లేదు. బ్రిటన్ హామీ వాళ్లకి వర్తించదు. వాళ్లు లిక్విడేషన్, అంటే మునిగిన కంపెనీ ఆస్తులు అమ్మి పంచడం, ఆ లెక్కల కోసం ఎదురుచూస్తూ విడతలు విడతలుగా తీసుకోవలసి వచ్చింది. గెర్న్‌సీ ప్రభుత్వం బీమా పథకం పెట్టింది. ఎప్పుడు? ఇదంతా అయ్యాక, ఆ నవంబరులో. అలాగే బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు. మన మునిసిపాలిటీల లాంటివి. ఐస్‌లాండ్ బ్యాంకుల్లో వాటివి 95 కోట్ల పౌండ్లున్నాయి. మంత్రిగారి హామీ మామూలు ఖాతాదారులకే గదా. కౌన్సిళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, మేమూ డిపాజిటర్లమేనని ఒప్పించుకుని రాబట్టుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఇంకో కథ. ఇది దగ్గరిది. మనవాళ్ల పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు గదా, ఈ ముక్క వాళ్లకి కూడా చెప్పండి.

2024లో అమెరికాలో సినాప్స్ అనే కంపెనీ దివాలా తీసింది. అది బ్యాంకు కాదు. జనం డబ్బు దాచుకునే యాప్‌లకీ, అసలు బ్యాంకులకీ మధ్యలో ఉండి లెక్కలు రాసే కంపెనీ. యాప్‌లో మీ డబ్బుకి ఎఫ్‌డీఐసీ, అంటే అమెరికా ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ, బీమా ఉంది అని కనిపించేది. బీమా ఉన్న బ్యాంకులే వెనకున్నాయి, అది నిజమే. కానీ ఏప్రిల్‌లో సినాప్స్ కోర్టుకెళ్లింది. మేలో దాని లెక్కల వ్యవస్థ ఆగిపోయింది. లక్ష మందికి పైగా జనం, సుమారు 26 కోట్ల 50 లక్షల డాలర్లు, యాప్‌లో ఇరుక్కుపోయాయి. కోర్టు నియమించిన ట్రస్టీ జెలీనా మెక్‌విలియమ్స్, ఆవిడ ఒకప్పుడు ఎఫ్‌డీఐసీకే అధిపతి, లెక్కలు చూసి చెప్పిందేమిటి? జనానికి ఇవ్వవలసిన దానికీ బ్యాంకుల్లో ఉన్న దానికీ మధ్య 6 కోట్ల 50 లక్షల నుంచి 9 కోట్ల 60 లక్షల డాలర్ల దాకా తేడా ఉంది అని.

బీమా ఎందుకు రాలేదు? బ్యాంకు మునగలేదు కాబట్టి. బీమా ఇచ్చేది బ్యాంకు మునిగితే. మధ్యలో ఉన్న కంపెనీ మునిగితే కాదు. ఎలా అంటే, ఊళ్లో వాళ్లంతా తమ వడ్లు ఒకే గోదాములో ఒకే కుప్పగా పోశారనుకోండి. గోదాము బాగానే ఉంది. ఎవరివి ఎన్ని బస్తాలో రాసుకున్న గుమాస్తా చేతులెత్తేశాడు, వాడి పుస్తకానికీ కుప్పకీ పొంతన లేదు. ఇప్పుడు గోదాముకి బీమా ఉండి ఏం లాభం? కొంతమందికి చివరికి దక్కింది వాళ్లు దాచిన దాంట్లో చాలా చిన్న ముక్క. ఇల్లు కొనుక్కుందామని దాచిన వాళ్లు, జీతం అందులోనే పడే వాళ్లు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐస్‌సేవ్‌లో బ్యాంకే మునిగింది, డబ్బు వచ్చింది. సినాప్స్‌లో బ్యాంకులు నిక్షేపంగా ఉన్నాయి, అయినా అందరికీ పూర్తి డబ్బు రాలేదు. నేను ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం అదే. ఎవరికెంత అనే లెక్క బ్యాంకు పుస్తకంలోనే ఉందా? మీ పేరుతో, మీ పేరు మీదే ఉందా? దాని వెనక పూచీ ఎవరిదో చట్టంలో ఉందా? ఈ రెండూ ఉంటే బ్యాంకు మునిగినా దారి ఉంటుంది.

మన దగ్గర ఎలా ఉంది? డీఐసీజీసీ అని రిజర్వు బ్యాంకు సంస్థే డిపాజిట్లకి బీమా ఇస్తుంది. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మన దగ్గర తీసుకోకూడదు. 1993 నుంచి లక్ష రూపాయలే ఉండేది. 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలయింది. ఇది ఊరికే రాలేదండి. 2019 సెప్టెంబరులో ముంబైలో పీఎంసీ అనే సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టారు. మొదటి రోజు ఖాతాకి వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. వైద్యానికి, పెళ్లికి, దేనికైనా వెయ్యే. రోడ్ల మీద ఆ జనం ఏడుపులు టీవీల్లో చూశాం. అక్కడ కూడా మూలం పుస్తకంలోనే ఉంది. ఇచ్చిన అప్పులు దాచడానికి వేలకొద్దీ దొంగ ఖాతాలు సృష్టించారని దర్యాప్తులో తేలింది. 2022 జనవరిలో ఆ బ్యాంకుని యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు. పెద్ద మొత్తాలున్న వాళ్లకి పదేళ్ల దాకా విడతలు. అరవై దాటిన మనిషికి పదేళ్ల విడత అంటే ఏమిటో ఆలోచించండి.

ఈలోగా, 2021లో చట్టం మార్చారు. అంతకు ముందు బ్యాంకు లైసెన్సు పోయి, లిక్విడేటరు వస్తే గానీ బీమా సొమ్ము రాదు. ఏళ్లు పట్టేది. ఇప్పుడు ఆంక్షలు పెట్టిన రోజు నుంచి 90 రోజుల్లో రావాలి. మొదటి 45 రోజుల్లో డిపాజిటర్ల జాబితా బ్యాంకు ఇవ్వాలి, తరవాతి 45 రోజుల్లో డీఐసీజీసీ సరిచూసి చెల్లించాలి. చూశారా, ఇక్కడా మొదట అడిగేది జాబితానే. మనం మన అంగీకారం రాసిచ్చి, వేరే బ్యాంకులో ఉన్న ఖాతా వివరాలివ్వాలి. ఆ కాగితం ఇవ్వని వాళ్లకి ఆలస్యమవుతుంది. అందుకని పిల్లలు విదేశాల్లో ఉండి ఇంట్లో పెద్దవాళ్లొక్కరే ఉంటే, రెండో బ్యాంకులో వాళ్ల పేరున ఒక ఖాతా తప్పకుండా ఉంచండి.

5 లక్షలంటే అసలూ వడ్డీ కలిపి. 4 లక్షల 90 వేలు వేసి, 20 వేలు వడ్డీ అయితే మొత్తం 5 లక్షల 10 వేలు. వచ్చేది 5 లక్షలే. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో వేసినా ఒకటిగానే లెక్కిస్తారు. వేరే బ్యాంకు అయితే వేరే లెక్క.

*(సభలో ఇద్దరు అడిగిన ప్రశ్నలకు జవాబులు)*

ఆ పెద్దాయన అడిగింది మంచి ప్రశ్న. మా ఊరి సొసైటీలో వేశాం, బీమా ఉంటుందా అని. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం అయితే ఉండదండి. డీఐసీజీసీ దానికి వర్తించదు. పరస్పర సహాయ సహకార సంఘాలకీ వర్తించదు. పేరులో సహకారం ఉంది గదా అని సహకార బ్యాంకుతో కలిపేసుకోవద్దు. అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకీ, జిల్లా సహకార బ్యాంకులకీ బీమా ఉంది. అగ్రిగోల్డ్ బాధితులు ఈ సభలో కూడా ఉండొచ్చు. అది బ్యాంకు కాదు గనక బీమా మాటే లేదు. చిన్న మొత్తాల వాళ్లకి కూడా ప్రభుత్వం డబ్బిస్తే తప్ప దారి దొరకలేదు. సొసైటీ మంచిదే కావచ్చు, నడిపేవాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ జీవితకాలపు సొమ్ము మొత్తం అక్కడ పెట్టకండి.

ఇక అమ్మా, మీరడిగింది. ఫోన్‌లో యాప్ ద్వారా ఎఫ్‌డీ వేశాను, ఎలా తెలుసుకోవాలి అని. మన దేశంలో కేవలం యాప్‌కి బ్యాంకు లైసెన్సు వేరే లేదు. అది బ్యాంకు ఎఫ్‌డీ అయితే వెనక ఒక బ్యాంకు ఉండాలి. ఆ బ్యాంకు పేరేమిటో ముందు చూడండి. డీఐసీజీసీ వెబ్‌సైటులో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంది, అందులో ఆ పేరుందో లేదో చూడండి. తరవాత యాప్‌లో ఉన్న నంబరుకి కాకుండా, ఆ బ్యాంకు సొంత వెబ్‌సైటులో ఉన్న కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేయండి. నా పేరు మీద ఇన్ని రూపాయల డిపాజిట్ మీ పుస్తకంలో ఉందా అని అడగండి. ఉందంటే డిపాజిట్ రసీదు బ్యాంకు నుంచే తెప్పించుకుని దాచుకోండి. లేదని చెబితే, కాలపరిమితి అయ్యేదాకా ఆగకండి. ఆ ఎఫ్‌డీ ఎక్కడుందో యాప్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, మీరు కట్టిన వివరాలన్నీ బయటికి తీసి పెట్టుకోండి. సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఆ యాప్ మీ ఫోన్‌లో ఇప్పుడే చూద్దాం.